ముందు సిగ్నల్, ఆ తర్వాతే ఫోన్: మొబైల్, నెట్‌వర్క్ ఎలా ఎంచుకోవాలి

కొత్త ఫోన్ కొనాలనుకోగానే చాలామంది చేసేది ఒకటే. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లు, ర్యామ్ ఎంత, ఎక్కడ ఎంత తగ్గింపు ఇస్తున్నారు అని చూసి, నచ్చింది కొనేసి, పాత సిమ్ తీసి అందులో వేస్తారు. వారం తిరక్కుండానే వంటింట్లో మాట తెగిపోతోందనో, సాయంత్రానికే చార్జింగ్ అయిపోతోందనో గొడవ మొదలవుతుంది. చాలాసార్లు అది ఫోన్ తప్పు కాదు. సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట టవర్‌ని అందుకోవడానికి ఫోన్ ఎక్కువ పవర్‌తో పనిచేస్తుంది. బ్యాటరీ తరిగిపోయేది, వెనకవైపు వేడెక్కేది అందుకే. కాబట్టి వరస మార్చండి. మీరుండే చోట ఏ నెట్‌వర్క్ పనిచేస్తుందో ముందు తేల్చుకోండి, దానికి సరిపడే ఫోన్ ఆ తర్వాత చూడండి, ప్లాన్ సంగతి చివర్లో.

1. ఇంట్లో సిగ్నల్ కొలవండి

పొద్దున్నే డాబా ఎక్కి చూస్తే ఏ నెట్‌వర్కైనా బాగానే కనిపిస్తుంది. చూడాల్సింది మూడు చోట్ల: మీరు పడుకునే గది, వంటిల్లు, పనిచేసే చోటు. అది ఆఫీసు కావచ్చు, కొట్టు కావచ్చు, పొలంలో మోటారు షెడ్డు కావచ్చు. చూడాల్సిన సమయం రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య. వీధిలో అందరూ వీడియోలు చూసే వేళ టవర్ మీద భారం పెరుగుతుంది, సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ నత్తనడక నడుస్తుంది.

తెర పైన కనిపించే గీతల్ని నమ్మొద్దు. ఎంత సిగ్నల్‌కి ఎన్ని గీతలు చూపించాలన్నది ఒక్కో ఫోన్ కంపెనీ ఒక్కోలా పెట్టుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్ వరసగా తెరిస్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ అని డీబీఎంలో ఒక అంకె కనిపిస్తుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో *#*#4636#*#* కొట్టినా వస్తుంది. ఐఫోన్‌లో *3001#12345#* డయల్ చేయాలి. అంకె ముందు మైనస్ ఉంటుంది కాబట్టి సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిది. 4జీలో సుమారుగా -90 కన్నా సున్నా వైపు ఉంటే నిశ్చింత. -105 వరకు పనికొస్తుంది. అది దాటితే వీడియో ఆగుతూ ఆగుతూ వస్తుంది. -115 దాటితే గది మారగానే కాల్ తెగుతుంది.

మిగతా నెట్‌వర్క్‌లని చూడటానికి పక్కింటివాళ్ల ఫోనో, ఇంటికొచ్చిన చుట్టాల ఫోనో ఐదు నిమిషాలు అడిగి తీసుకోండి. అదే ఫోన్ నుంచి ఎవరికైనా కాల్ చేసి, మాట్లాడుతూ ఇల్లంతా ఒకసారి తిరగండి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశంతో కంపెనీలన్నీ తమ సైట్లలో కవరేజ్ మ్యాపులు పెట్టాయి. వీధి స్థాయిలో 4జీ, 5జీ ఎక్కడుందో వాటిలో రంగులతో తెలుస్తుంది. అయితే మ్యాప్ చూపించేది ఆరుబయట సంగతి. లోపలి గదిలో ఏముందో దానికి తెలియదు.

గోడల విషయం తెలిస్తే సగం చిక్కులు అర్థమవుతాయి. 700, 850, 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు గోడలు దాటి వస్తాయి, దూరం కూడా పోతాయి. 5జీకి ఎక్కువగా వాడే 3,500 మెగాహెర్ట్జ్ వేగం బాగా ఇస్తుంది గానీ రెండు గోడలు అడ్డొస్తే నీరసపడుతుంది. రేకుల ఇల్లు, చుట్టూ అద్దాలు బిగించిన అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో ఆఫీసు ఉన్నవాళ్లకి ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటే మాత్రం పెద్దగా దిగులు పడక్కర్లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చేస్తే మామూలు కాల్ కూడా ఇంటి వైఫై మీద నడుస్తుంది. ఈ ఒక్క మీట నొక్కకుండా ఏళ్ల తరబడి బాల్కనీలో నిలబడి మాట్లాడేవాళ్లున్నారు.

ఏజెన్సీ ప్రాంతాల్లో, నల్లమల పల్లెల్లో ఈ పరీక్షలేవీ అక్కర్లేదు. అక్కడ చాలాచోట్ల ఒకటే నెట్‌వర్క్ దిక్కు, ఏదన్నది ఊళ్లోవాళ్లే చెబుతారు. 4జీ అసలు అందని ఊళ్లకి ప్రభుత్వ పథకం కింద బీఎస్ఎన్ఎల్ టవర్లు వేస్తోంది కాబట్టి రెండేళ్ల కిందట విన్నమాట పట్టుకోకుండా ఇప్పుడేముందో కనుక్కోండి.

నెట్‌వర్క్ మార్చాలని దాదాపు నిర్ణయించుకున్నా పాత నంబరు వెంటనే పోర్ట్ చేయొద్దు, అంటే అదే నంబరుతో కొత్త కంపెనీకి మారొద్దు. ఆ కంపెనీదే కొత్త సిమ్ ఒకటి తీసుకుని, అతి చిన్న ప్లాన్ వేసి నెల రోజులు రెండో సిమ్‌గా వాడి చూడండి. ఒకసారి పోర్ట్ అయ్యాక 90 రోజులు అక్కడే ఉండాలి. నచ్చకపోతే ఆ మూడు నెలలూ భరించాల్సిందే.

2. ఒక సిమ్మా, రెండా?

ఖర్చు భరించగలిగితే రెండు ఉండటమే మేలు, అయితే రెండూ వేర్వేరు కంపెనీలవి కావాలి. ఒకే కంపెనీ సిమ్‌లు రెండున్నా టవర్ పోయినప్పుడు రెండూ కలిసే పోతాయి. బ్యాంకు, ఆధార్, గ్యాస్ అన్నిటికీ ఇచ్చిన నంబరు మీ ఇంట్లో బాగా పనిచేసే నెట్‌వర్క్‌లో ఉండాలి. డేటాకి రెండోది వాడుకోవచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లు కీప్యాడ్ ఫోన్ వాడుతుంటే ఒక సంగతి. జియోకి 2జీ, 3జీ లేవు. పాత 2జీ కీప్యాడ్ ఫోన్లో ఆ సిమ్ వేస్తే అసలు పనిచేయదు, 4జీ కీప్యాడ్ ఫోనే ఉండాలి. మిగతా కంపెనీల సిమ్‌లకి ఈ ఇబ్బంది లేదు.

3. నెట్‌వర్క్‌కి తగ్గ బ్యాండ్లు ఫోన్లో ఉన్నాయా?

ఫోన్ అమ్మే పేజీలో అడుగున, సాంకేతిక వివరాల్లో బ్యాండ్ల జాబితా ఉంటుంది, అంటే ఫోన్ ఏయే ఫ్రీక్వెన్సీలని అందుకోగలదో చెప్పేది. ఎవరూ చదవరు. చదవాల్సింది అదే.

జియో 4జీకి బ్యాండ్ 3, 5, 40 కావాలి. 5జీకి ఎన్78తో పాటు ఎన్28 కూడా ఉండాలి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్, ఇంటి లోపల 5జీని నిలబెట్టేది అదే. జియో 5జీ 4జీ ఆసరా లేకుండా విడిగా నడిచే ఎస్ఏ పద్ధతిలో ఉంటుంది కాబట్టి ఫోన్ ఎస్ఏని సపోర్ట్ చేయాలి. ఎయిర్‌టెల్‌కి 4జీలో 1, 3, 8, 40 ముఖ్యం, 5జీకి ఎన్78 తప్పనిసరి. వీఐకి 1, 3, 8 చూసుకోండి. బీఎస్ఎన్ఎల్ 4జీకి 1, 28 ఉండాలి. పాత ఫోన్లలోనూ, కొన్ని చవక మోడళ్లలోనూ బ్యాండ్ 28 ఉండదు. పక్కవాడి ఫోన్లో బీఎస్ఎన్ఎల్ 4జీ వస్తూ మీ ఫోన్లో రాకపోతే ముందుగా అనుమానించాల్సింది దీన్నే. ఆ నెట్‌వర్క్‌లో వోల్టీ కాల్స్‌కి, అంటే 4జీ మీదే నడిచే కాల్స్‌కి, ఆ మోడల్ పనికొస్తుందా అన్నది కూడా విడిగా అడగండి.

పిల్లలు అమెరికా నుంచి పంపిన ఐఫోన్ వాడాలనుకుంటే రెండు చూడాలి. మొదటిది, సెట్టింగ్స్, జనరల్, అబౌట్‌లో క్యారియర్ లాక్ ఎదురుగా సిమ్ ఆంక్షలు లేవని ఉండాలి. అక్కడి కంపెనీ దగ్గర వాయిదాల మీద తీసుకున్న ఫోన్ బాకీ తీరేదాకా లాక్‌లోనే ఉంటుంది. రెండోది, 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి అమెరికా మోడళ్లకి సిమ్ పెట్టే అర ఉండదు. కార్డు లేకుండా ఫోన్లోనే నమోదయ్యే ఈసిమ్ తీసుకోవాల్సిందే.

4. ఇప్పుడు ఫోన్

కాల్స్, వాట్సాప్, యూట్యూబ్, యూపీఐ చెల్లింపులు, ఫోటోలు. రోజువారీ వాడకమంటే ఇంతే అయితే పదిహేను, ఇరవై వేల మధ్య ఫోన్ చాలు. అంతకన్నా పెట్టే డబ్బు కెమెరాకో, ఆటలకో, హోదాకో పోతుంది. పది వేలకి దిగువన మాత్రం జాగ్రత్త.

అన్నిటికన్నా ముందు స్టోరేజ్ చూడండి. 64 జీబీ అని రాసి ఉన్నా అందులో పదిహేను, ఇరవై జీబీ సిస్టమే తినేస్తుంది. కుటుంబ వాట్సాప్ గ్రూపులు నాలుగుంటే మిగిలింది ఏడాదిలో నిండుతుంది. స్టోరేజ్ నిండేకొద్దీ ఫోన్ మందగిస్తుంది. 128 జీబీకి తగ్గొద్దు. ఎంత అన్నదానితో పాటు ఏ రకం అన్నదీ ముఖ్యం. ఈఎంఎంసీ రకం చదవడం, రాయడం ఒకేసారి చేయలేదు. యూఎఫ్ఎస్ రెండూ కలిపి చేస్తుంది. యాప్ అప్‌డేట్ అవుతున్నప్పుడు ఫోన్ బిగుసుకుపోతోందంటే చాలాసార్లు లోపలున్నది ఈఎంఎంసీ. అమ్మే పేజీలో ఈ రకం పేరే రాయలేదంటే మంచిది కాదనే అనుకోండి.

ర్యామ్ 6 జీబీ కనీసం, 8 ఉంటే నాలుగేళ్లు సాగుతుంది. డబ్బా మీద 8+8 అని పెద్దక్షరాలతో ఉంటే రెండో ఎనిమిది ర్యామ్ కాదు, స్టోరేజ్‌లోంచి తీసి వాడేది. దానికోసం రూపాయి ఎక్కువ పెట్టొద్దు.

కెమెరా విషయంలో మెగాపిక్సెళ్ల లెక్క కన్నా ఓఐఎస్ ఉందా అని అడగండి. సాయంత్రం వెలుగులో, ఫంక్షన్ హాల్లో ఫోటో అలుక్కుపోకుండా చేతి వణుకుని సర్దేది అదే. మూడు కెమెరాల్లో రెండు 2 మెగాపిక్సెళ్లవైతే అవి అలంకారం కోసం పెట్టినవే. తెర సంగతికొస్తే, ఎండలో తిరిగే పనివాళ్లు వెలుతురుని నిట్స్‌లో చూసి, అంకె ఎక్కువున్నది తీసుకోవాలి. అమోలెడ్ తెర అందంగానే ఉంటుంది, పగిలితే మార్చే ఖర్చు మాత్రం చవక ఫోన్లలో ధరలో మూడో వంతు దాకా వెళ్లగలదు. చాలా కంపెనీలు విడిభాగాల ధరలు తమ సైట్లోనే పెడతాయి. కొనకముందే తెర ధర ఒకసారి చూడండి. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ మీ జిల్లా కేంద్రంలో ఉందా అన్నదీ కనుక్కోండి. చిన్న బ్రాండ్ ఫోన్ చవగ్గా వచ్చిందని తీసుకుంటే తెర మార్చడానికి హైదరాబాదో, విజయవాడో వెళ్లాల్సి రావచ్చు.

బ్యాటరీ 5,000 ఎంఏహెచ్‌కి తగ్గకూడదు. చార్జర్ డబ్బాలో ఉందో లేదో చూసుకోండి, కొన్ని కంపెనీలు ఇవ్వడం మానేశాయి. కాల్ రికార్డింగ్ కావాలనుకునేవాళ్లు షాపులోనే పరీక్షించాలి. గూగుల్ ఫోన్ యాప్‌తో వచ్చే ఫోన్లలో రికార్డింగ్ మొదలవగానే అవతలివాళ్లకి ఆ సంగతి వినిపిస్తుంది.

అప్‌డేట్లు ఎన్నేళ్లిస్తారో అడగండి. గూగుల్ పిక్సెల్ 8, శాంసంగ్ గెలాక్సీ ఎస్24 నుంచి ఏడేళ్లని ఆ కంపెనీలు ప్రకటించాయి. చాలా చవక ఫోన్లలో రెండు, మూడేళ్లే ఉంటాయి. ఇందులో ఒక మెలిక ఉంది. ఈ ఏళ్లు మోడల్ మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి లెక్క, మీరు కొన్న రోజు నుంచి కాదు. ఏడాదిన్నర కిందటి మోడల్‌ని పండగ ఆఫర్లో కొంటే ఏడాదిన్నర అప్పటికే కరిగిపోయినట్టు.

5. షాపులో కౌంటర్ దగ్గర

డబ్బా తీయకముందు వెనక అతికించిన లేబుల్ చదవండి. తయారైన నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫోన్‌ని గుర్తుపట్టే ఐఎంఈఐ నంబర్లు రెండు అక్కడే ఉంటాయి. తయారై ఏడాది దాటితే వేరే పీస్ అడగండి. సీల్ మీ కళ్ల ముందే తీయాలి. ఫోన్ ఆన్ చేసి *#06# కొట్టండి. తెర మీద కనిపించే పదిహేనంకెల నంబరు, లేబుల్ మీది, బిల్లు మీది మూడూ ఒకటే కావాలి. ఆ నంబరుని ప్రభుత్వ టెలికాం శాఖ వారి సంచార్ సాథీ యాప్‌లో కొట్టి చూస్తే అసలైన ఫోనో కాదో చెబుతుంది. పాత ఫోన్ కొనేవాళ్లయితే ఈ పరీక్ష మానొద్దు. దొంగిలించిన ఫోన్‌గా బ్లాక్ అయి ఉంటే అక్కడే బయటపడుతుంది.

జీఎస్టీ బిల్లు లేకుండా ఐదొందలు తగ్గిస్తామంటే వద్దనండి. వారంటీకి అదే ఆధారం, ఫోన్ పోతే పోలీసులు అడిగేదీ అదే. వడ్డీ లేని ఈఎంఐ అన్నా కార్డు మీద ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ పడతాయి. ఫైనాన్స్ కంపెనీ ద్వారా తీసుకుంటే, వాయిదా తప్పితే ఫోన్ లాక్ చేసే యాప్ అందులో వేస్తారా అని ముందే అడగండి.

సిమ్ కూడా అక్కడే తీసుకుంటుంటే వేలిముద్ర దగ్గర ఏమరుపాటు వద్దు. సరిగా పడలేదంటూ మళ్లీ మళ్లీ వేయించి, మీ పేరు మీద ఇంకో సిమ్ తీసే మోసాలు జరుగుతున్నాయి. ఇంటికెళ్లాక సంచార్ సాథీలో మీ పేరున ఎన్ని నంబర్లున్నాయో చూసి, మీవి కానివాటిని అక్కడే తీసేయమని చెప్పొచ్చు.

6. ప్లాన్ లెక్క

నెల ప్లాన్ అనుకుని వేసేది నిజానికి 28 రోజులదే. ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు సార్లు రీచార్జ్ చేయాలి. 30 రోజుల ప్లాన్, ప్రతి నెలా ఒకే తేదీకి వచ్చే ప్లాన్ కనీసం ఒక్కొక్కటి పెట్టాలని ట్రాయ్ 2022లో నిబంధన తెచ్చింది. అవి యాప్‌లో అడుగున దాక్కుని ఉంటాయి, వెతకాలి. పోల్చేటప్పుడు ధరని రోజులతో భాగించి, రోజుకి ఎంత పడుతుందో చూడండి. 84 రోజులవి, ఏడాదివి సాధారణంగా చవక పడతాయి. కాకపోతే నెట్‌వర్క్ మీద నమ్మకం కుదిరాకే ఏడాది ప్లాన్ వేయండి. మధ్యలో పోర్ట్ అయితే మిగిలిన డబ్బు వెనక్కి రాదు.

డేటా ఎంత కావాలో ఊహించొద్దు. ఫోన్ సెట్టింగ్స్‌లో పోయిన నెల వాడకం ఉంటుంది, దాన్ని ముప్పైతో భాగించండి. ఇంట్లో వైఫై ఉంటే రోజుకి ఒక జీబీ కూడా చాలామందికి మిగిలిపోతుంది. 480పీలో వీడియో గంట చూస్తే సుమారు అర జీబీ అవుతుంది. అపరిమిత 5జీ కావాలంటే అది అన్ని ప్లాన్లకీ రాదు. చాలా వరకు రోజుకి 2 జీబీ, ఆ పైన ఇచ్చేవాటికే ఉంటుంది. మీ వీధిలో 5జీ లేనప్పుడు దానికోసం ఎక్కువ కట్టడం దండగ.

నెట్ వాడని అమ్మమ్మ, తాతయ్యలకి కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్లాన్లు ఇప్పుడున్నాయి. వాటిని తప్పనిసరి చేస్తూ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన మార్చింది. రీచార్జ్ షాపువాళ్లు వాటి మాట తమంతట తాము ఎత్తరు.

7. నంబరు మార్చకుండా నెట్‌వర్క్ మారడం

పోర్ట్ చేయాలనుకున్న సిమ్ నుంచే, ఇంగ్లిష్ అక్షరాల్లో పోర్ట్ అని టైప్ చేసి, ఖాళీ వదిలి, పదంకెల నంబరు కొట్టి 1900కి పంపండి. ప్లాన్ అయిపోయి ఉన్నా ఈ మెసేజ్ వెళ్లనివ్వాలని ట్రాయ్ ఆదేశం ఉంది. ఎనిమిది అక్షరాల కోడ్ వస్తుంది, నాలుగు రోజులే చెల్లుతుంది. దాన్ని, ఆధార్‌ని తీసుకుని కొత్త కంపెనీ స్టోర్‌కి వెళ్లండి. ఒకే సర్కిల్‌లో అయితే మూడు పనిదినాలు, వేరే సర్కిల్ నుంచైతే ఐదు. టెలికాం లెక్కలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఇంకా ఒకటే సర్కిల్ కాబట్టి హైదరాబాద్ నుంచి గుంటూరు మారినా మూడు రోజుల్లోనే అవుతుంది. బెంగళూరులో తీసుకున్న నంబరైతే ఐదు.

కోడ్ రాకపోయినా, వచ్చాక పోర్ట్ ఆగిపోయినా కారణం సాధారణంగా వీటిలో ఒకటి: ఆ నెట్‌వర్క్‌లో 90 రోజులు నిండలేదు, పోస్ట్‌పెయిడ్ బిల్లు బాకీ ఉంది, గత ఏడు రోజుల్లో సిమ్ మార్చారు, లేదా నంబరు మీరు ఉద్యోగం చేసే కంపెనీ పేరు మీద ఉంది. ఉద్యోగం మానేసే ముందే ఆ నంబరుని మీ పేరుకి మార్పించుకోకపోతే తర్వాత తిప్పలు పడాలి.

పాత సిమ్‌లో సిగ్నల్ పోయేదాకా దాన్ని తీయొద్దు. పోయాక కొత్తది వేసి, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. కాల్స్ వస్తూ నెట్ రాకపోతే, ఫోన్‌ని కంపెనీ నెట్‌కి కలిపే ఏపీఎన్ సెట్టింగ్స్‌ని రీసెట్ చేయండి. సిమ్ పాడై మార్చినా, ఈసిమ్‌గా మార్చుకున్నా 24 గంటలు ఎస్ఎంఎస్‌లు ఆగుతాయి, మోసాలు జరగకుండా పెట్టిన కట్టడి అది. ఓటీపీలు రావు. ఫీజు కట్టాల్సిన రోజు, తత్కాల్ టికెట్ తీసే ముందురోజు ఈ పని పెట్టుకోవద్దు.

8. పాత ఫోన్ అప్పగించే ముందు

వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్స్ లోపల ట్రాన్స్‌ఫర్ చాట్స్ ఉంది. రెండూ ఆండ్రాయిడ్ ఫోన్లే అయితే పక్కపక్కన పెట్టి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే బ్యాకప్ అవసరం లేకుండానే అంతా వచ్చేస్తుంది. యూపీఐ యాప్‌లు కొత్త ఫోన్లో మీ సిమ్ నుంచి ఒక మెసేజ్ పంపి నమోదవుతాయి. ఆ సిమ్‌కి ఎస్ఎంఎస్ పంపే ప్లాన్ లేకపోతే అక్కడే ఆగిపోతాయి. నమోదయ్యాక కూడా చాలా బ్యాంకులు తొలి 24 గంటలు 5,000 రూపాయలకి మించి పంపనివ్వవు. కాబట్టి పాత ఫోన్‌ని రెండు రోజులు ఇంట్లోనే ఉంచండి.

ఆ తర్వాత పాత ఫోన్లో ముందు గూగుల్ అకౌంట్ తీసేసి, అప్పుడు ఫ్యాక్టరీ రీసెట్ చేయాలి. అకౌంట్ తీయకుండా రికవరీ మెనూ నుంచి రీసెట్ చేస్తే ఆన్ చేసినప్పుడల్లా మీ పాస్‌వర్డే అడుగుతుంది, ఎక్స్చేంజ్‌కి వచ్చిన మనిషి తీసుకోడు. మెమరీ కార్డు, సిమ్ ట్రే ఖాళీ చేశారో లేదో చూడండి. కొత్త ఫోన్ బిల్లుని, ఐఎంఈఐ కనిపించేలా డబ్బా లేబుల్‌ని ఫోటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి పంపి పెట్టండి. ఫోన్ పోయినప్పుడు సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి ఆ నంబరు, కొన్న బిల్లు, పోలీసు ఫిర్యాదు కాపీ కావాలి.